గంగమ్మ పటం సినిమాలోదా, కాదా?

2001లో నేను మదనపల్లెలో ప్రభుత్వ ప్రచార విభాగంలో సహాయ అధికారిగా పనిచేసేదాన్ని. బెంగళూరు రోడ్డులో ఒక మందుల షాపు పైన రెండు గదులు, ఒక టైపు మిషను, ఒక జీపు. జీపులో డీజిల్ తప్ప అన్నీ ఉన్న ఆఫీసు మాది. పథకాల గురించి జనానికి చెప్పడం, మంత్రులు వస్తే విలేకరులకు కబురు పెట్టడం, ఊళ్లలో ప్రచార చిత్రాలు వేయించడం మా పని. సినిమాలతో నా సంబంధం అంతవరకే అనుకునేదాన్ని.

ఆ ఏడాది హైదరాబాదు నుంచి కొత్త పని ఒకటి వచ్చిపడింది. రాష్ట్రంలోనే తీసే చిన్న సినిమాలకు, డాక్యుమెంటరీలకు ఇచ్చే ప్రోత్సాహకానికి కొత్త నియమావళి రాస్తున్నారు. అందులో మొదటి భాగం డెఫినిషన్స్. అంటే, నియమాల్లో వాడిన ఏ మాటకు ఏ అర్థం తీసుకోవాలో ముందే తేల్చి చెప్పే భాగం. నిర్మాత అంటే ఎవరు? డబ్బు పెట్టినవాడా, పేరు పెట్టుకున్నవాడా? స్థానిక కళాకారుడు అంటే ఇక్కడ పుట్టినవాడా, ఇక్కడ బతుకుతున్నవాడా? ఇవన్నీ మామూలు తెలుగులో రాసి పంపమన్నారు. ఆ పని ఎవరూ ముట్టుకోలేదు. బల్లలన్నీ తిరిగి తిరిగి చివరికి నా బల్ల మీదికి చేరింది.

నా మీద జాలిపడ్డవాళ్లే అందరూ. నాకు మాత్రం సరదాగా ఉండేది. మాట తేలందే నాకు నిద్ర పట్టదు. "కాస్త ఉప్పు వెయ్యి" అంటే కాస్త అంటే ఎంత అత్తా అని అడిగి, మా అత్తగారి చేత తిట్లు తిన్న కోడల్ని నేను.

ముసాయిదాతో పాటు లొకేషన్ వెరిఫికేషన్ కూడా నాకే అప్పగించారు. రాష్ట్రంలో తీస్తున్నామని చెప్పిన యూనిట్టు నిజంగా ఇక్కడే తీస్తున్నదా అని పోయి చూసి రిపోర్టు ఇవ్వడం. ఆ పని మీదే నాకు చెంగల్రాయప్ప పరిచయమయ్యాడు.

చెంగల్రాయప్పది పుంగనూరు. టూరింగ్ టాకీస్ నడిపిన మనిషి. అంటే గుడారం సినిమా. ఊరి బయట గుడారం వేసి, ఒక పక్క నేల, ఒక పక్క బెంచీలు, మధ్యలో ప్రొజెక్టరు. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన చూపని సినిమా లేదు. టీవీలు వచ్చాక గుడారం ఖాళీ అయింది. ఇంకెవరైనా అయితే కిరాణా అంగడి పెట్టుకునేవాడు. ఈయన గుడారం, ప్రొజెక్టర్లు అమ్మేసి సొంతంగా సినిమా తీయడానికి దిగాడు. టమోటా లారీ డ్రైవరు, వాడి కూతురు, వాళ్ల కథ. మదనపల్లె మార్కెట్ యార్డులో మొదలై, పుంగనూరు మీదుగా పోయి, కుప్పం రైల్వేస్టేషనులో ముగుస్తుంది. కెమెరామన్ ఖాదర్ బాషా పుంగనూరులో ఫోటో స్టూడియో నడిపే ఒకాయన కొడుకు. మద్రాసులో పని నేర్చుకుని వచ్చాడు.

నేను మొదట పోయింది కుప్పానికి. ఊరికి దూరంగా గ్రానైటు క్వారీ దగ్గర షూటింగు జరుగుతోంది. నేను జీపు దిగేసరికి పని ఆగిపోయి ఉంది. చెంగల్రాయప్ప తలపాగా తీసి చేత్తో పట్టుకుని నా దగ్గరికి ఉరుకులాడుతూ వచ్చాడు.

"ఏమైందప్పా?"

"ఏం చెప్పేదమ్మా! ఆ ఎనకాల కొండ అగుపిస్తాండాది సూడు. అది తమిళనాడుదంట. ఇప్పుడే ఈడుండే రైతు చెప్పినాడు. మన స్టేట్లోనే తీయల్లంటిరే. బొమ్మలో ఆ కొండ పడతాండాదే! యాల పెట్టినానో ఈ కెమెరా ఈడ!"

ఆ రైతు గట్టు మీద కూర్చుని తాపీగా బీడీ కాలుస్తున్నాడు. "ఈ గట్టు మనదే. ఆ పక్క కొండ వాళ్లది. దాని పక్క సందులో పోతే కర్ణాటక. మా ఆవు పొద్దున మూడు రాష్ట్రాలు మేసి వస్తాది. దాన్ని ఎవురూ ఏమీ అడగల్యా" అన్నాడు.

అందరం నవ్వాం. నాకు మాత్రం పని దొరికింది. అక్కడే బండ మీద కూర్చుని రాశాను: "కెమెరా కాళ్లు ఏ నేల మీద నిలబడి ఉంటాయో అదే చిత్రీకరణ స్థలం. కెమెరాలో కనిపించే దూరపు నేలతో నిమిత్తం లేదు." చదివి వినిపిస్తే చెంగల్రాయప్ప తలపాగా మళ్లీ చుట్టుకున్నాడు. ఖాదర్ బాషా కెమెరా స్టాండు కాళ్ల వైపు ఒకసారి చూసుకుని, "కాళ్లు మనవే మేడం" అన్నాడు. షూటింగు మొదలైంది.

ఆ వాక్యం హైదరాబాదుకు పంపితే మా జాయింట్ డైరెక్టరు మూర్తిగారు స్వయంగా ఫోను చేశారు. "భలే రాశారమ్మా సరోజగారూ! సరిహద్దు తగాదాలన్నీ ఒక్క ముక్కలో తేల్చేశారు. అలాగే ఉంచేస్తున్నాం. అచ్చయ్యేదాకా ఈ ముసాయిదానే అమలు" అన్నారు. ఆ వారమంతా నా నడకే మారిపోయిందని మా ఆయన ఎగతాళి చేశారు. నిజమే మరి. అంతవరకూ నేను రాసింది ఏదీ కొట్టివేతలు లేకుండా తిరిగి వచ్చి ఎరగదు.

షూటింగు అయిపోయింది. ఎడిటింగు, ప్రింట్ల పనులు మద్రాసు ల్యాబులో. వాటికి నియమాల్లో అభ్యంతరం లేదు. కానీ, "చిత్రీకరణ మొదటి నుంచి చివరి వరకు రాష్ట్రంలోనే జరగాలి" అన్న రూలు మాత్రం గట్టిది. ఆ రూలుకు సినిమా సరిపోయిందని నేను రిపోర్టు ఇస్తే, కమిటీ అర్హత పత్రం ఇస్తుంది. ఆ పత్రం చూపిస్తేనే సినిమాను విడుదల చేస్తానని డిస్ట్రిబ్యూటరు ఒకాయన చెంగల్రాయప్పకు మాట ఇచ్చాడు. లేకపోతే సినిమా డబ్బాల్లోనే ఉండిపోతుంది. పుంగనూరులో తెర ఎక్కదు, ఎక్కడా ఎక్కదు. గుడారం కూడా అమ్మేసుకున్న మనిషికి ఇక మిగిలింది ఆ డబ్బాలే.

చివరి రిపోర్టు కోసం నేను పుంగనూరు వెళ్లాను. వాళ్లింట్లో నాకూ ఖాదర్ బాషాకూ రాగి సంగటి, నంచుకోవడానికి చెనిగింజల ఊరిబిండి పెట్టారు. తినమని బలవంతం చేస్తూనే చెంగల్రాయప్ప కథ మొదలుపెట్టాడు.

"మొదటి షాటు తీసిన్నాడు మీరు సూడాల్సిందమ్మా. కెమెరాకు పూలదండ, కుంకుమ. గంగమ్మ పటం ముందర దీపం పెట్టి, దాని మింద తిప్పినాము కెమెరా. ల్యాబు ఓనరే స్విచ్చి ఏసినాడు. మంచి చెయ్యి ఆయనది. ఆ బొమ్మనే మన సినిమాకు మొదాట పెట్టినాము. గంగమ్మ అగుపించినాకే అన్నీ."

సంగటి ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది. "ల్యాబు ఓనరా? ఎక్కడ తీశారప్పా ఇది?"

"మద్రాసులోనమ్మా. కెమెరా అద్దెకు తెచ్చింది ఆన్నించే కదా. ముహూర్తం కాకుండా కెమెరా గడప దాటకూడదు."

సినిమావాళ్ల ముహూర్తం గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. షూటింగు ఎప్పుడు మొదలైనా, మంచి ఘడియ చూసి ముందుగా దేవుడి పటం మీద ఒక షాటు తీస్తారు. ఒకరు క్లాప్ కొడతారు, ఒకరు స్విచ్ వేస్తారు. కొబ్బరికాయ కొట్టి అందరికీ స్వీటు పంచుతారు. అసలు షూటింగు ఆ తర్వాత ఎప్పుడో. చాలామంది ఆ షాటును ఫోటో వరకే ఉంచుకుంటారు. చెంగల్రాయప్ప భక్తి కొద్దీ దాన్ని సినిమాకే తొలి బొమ్మగా అతికించాడు. అంటే ఈ సినిమాలో మొట్టమొదటి బొమ్మ తీసినప్పుడు కెమెరా కాళ్లు మద్రాసులో ఉన్నాయి. ఎక్కడ ఉంటే అదే స్థలమని రాసింది ఎవరు? నేనే.

విషయం చెప్పాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తల వంచుకున్నాడు. ఆయన భార్య మజ్జిగ చెంబు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఖాదర్ బాషాయే ముందుగా నోరు విప్పాడు.

"మేడం, ఆ బొమ్మలో పటం, దీపం తప్ప ఇంగేమీ లేదు. ఎనక గోడ గుడా అగుపించదు. పుంగనూర్లోనే తీసినామని రాసుకోండి. యాడ తీసిందో దేవుడికే తెలుసు."

చెంగల్రాయప్ప తలెత్తాడు. "దేవుడికి తెలుసు గదరా. అదే నా భయం."

"అయితే ఆ షాటు కోసేద్దామప్పా" అన్నాను నేను. "చిటికెలో పని. లేదంటే ఇక్కడే గంగమ్మ పటం పెట్టి మళ్లీ తీయండి."

"తల్లిని కోసి పారేసేదా? నా చేత్తో?" అన్నాడాయన. "మళ్లా తీయమంటావా? ఒక పెండ్లికి రెండు తూర్లు తాళి కట్టేది యాడన్నా ఉండాదామ్మా? నేను గుడారం ఏసిన ప్రతి ఊర్లో గంగమ్మ పటం ముందర టెంకాయ కొట్టకుండా ఆట ఎయ్యలేదు. ఇప్పుడు నా సొంత సినిమాకు ఆ తల్లినే తీసేస్తే, ఆ సినిమా ఆడితే ఏమి, ఆడకుంటే ఏమి?"

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఒక మనిషి అబద్ధం ఆడనంటాడు, అమ్మవారిని కోయనంటాడు, రాష్ట్రం దాటి ఒక్క సీను కూడా తీయలేదు. అలాంటివాణ్ణి బయట నిలబెట్టే రూలు ఏం రూలు? రిపోర్టు రాయకుండానే మదనపల్లె బస్సెక్కాను.

మరునాడు మూర్తిగారికి ఫోను చేసి మొత్తం చెప్పాను. ఆయన మంచివారే, కానీ ఫైలు మనిషి. "ఏం చేద్దామమ్మా! సినిమాలో ఉన్న బొమ్మ, బయటి రాష్ట్రంలో తీసిన బొమ్మ. మీ వాక్యమే ఆయనకు అడ్డొస్తోంది. పోనీ, మీ వాక్యం మార్చేద్దామా?"

"వాక్యం తప్పు కాదు సార్" అన్నాను. పొగరు అనుకున్నా సరే, అది తప్పు కాదని నాకు తెలుసు. దాన్ని మారిస్తే రేపు కుప్పంలో ఇంకొకరు నష్టపోతారు. వేరే ఎక్కడో ఒక మాట తక్కువైంది. అదేమిటో నాకు తట్టడం లేదు.

ఆ ఆదివారం మా ఆయన నన్ను మ్యాట్నీకి తీసుకుపోయారు. నా ముఖం చూడలేక అని ఆయన అంటారు, తనకు చూడాలని ఉండి అని నేనంటాను. హాలు చేరేసరికి ఆలస్యమైంది. నేను చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మెట్ల మీద పరుగు తీశాను. మా ఆయన వెనక నుంచి కేకేశారు. "పరుగెత్తకే! సర్టిఫికెట్టే పడింది. సినిమా ఇంకా మొదలు కాలేదు."

నేను నడవలో నిలబడిపోయాను. తెర మీద సెన్సారు సర్టిఫికెట్టు. రీలులో ఉంది. కెమెరాతో తీసిందే. ఏదో ల్యాబులో, ఏదో గోడకు ఆనించి తీసి ఉంటారు. హాలులో జనం సీట్లు వెతుక్కుంటున్నారు, వేరుశనక్కాయలు కొనుక్కుంటున్నారు. తెర వైపు ఒక్కరూ చూడటం లేదు. సినిమా ఇంకా మొదలు కాలేదని అంతమందికీ తెలుసు.

వెనక ఉన్నవాళ్లు "కూచోమ్మా" అని అరిచేదాకా నేను కూర్చోలేదు. ఆ రోజు చూసిన సినిమా కథ ఏమిటో ఇప్పటికీ చెప్పలేను.

కమిటీ సమావేశానికి నన్నూ రమ్మన్నారు. హైదరాబాదులో ఏసీ గది, పొడవాటి బల్ల. నాలాంటి చిన్న ఆఫీసరు అక్కడ మాట్లాడటం అరుదు. పుంగనూరు సినిమా వంతు రాగానే, సభ్యుల్లో ఒకాయన, పెద్ద నిర్మాత, నా వైపు తిరిగాడు. ఆయనకు పెదవి విరుపు ఎక్కువ.

"మొదటి షాటే మద్రాసులో తీస్తే రాష్ట్రంలో తీసిన సినిమా ఎలా అవుతుందమ్మా? సినిమాలో ఉన్నది ఒక్క ఫ్రేమైనా అది సినిమానే కదా. మీరే కదా కెమెరా కాళ్లు అని రాసింది?"

"నేనే సార్. ఆ వాక్యానికి నేను కట్టుబడే ఉన్నాను. ఒక్క ప్రశ్న అడగవచ్చా?"

"అడగండి."

"ఈ పథకం కింద మీరు తీసిన చిన్న సినిమా కూడా పాసయింది కదా. అందులో మొదట సెన్సారు సర్టిఫికెట్టు పడుతుంది. దాన్ని ఎక్కడ తీశారు సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ల్యాబులో... అంటే, మద్రాసు ల్యాబులోనే. అయినా అది సినిమా కాదు కదమ్మా!"

"నేనూ అదే అంటున్నాను సార్. అది సినిమా కాకపోతే గంగమ్మ పటమూ కాదు. గంగమ్మ పటం సినిమానే అయితే మీ సినిమా కూడా మద్రాసుదే."

మూర్తిగారు దగ్గుతున్నట్టు నటిస్తూ ఫైలు చాటున నవ్వుకోవడం నేను చూశాను. ఆ పెద్దాయన కూడా చివరికి నవ్వాడు. "ఈవిడ మన శాఖలో ఉండబట్టి బతికిపోయాం. వకీలై ఉంటే కొంప మునిగేది" అన్నాడు. తర్వాత చెంగల్రాయప్ప సినిమాను దగ్గరుండి పాస్ చేయించింది ఆయనే.

నా మొదటి వాక్యం పక్కన రెండోది చేరింది. మొదటిదాని మీద ఒక్క గీత కూడా పడలేదు. రెండోది ఇది: "కథలోని మనుషులనో, కథ జరిగే చోటునో తొలిసారి కెమెరాతో తీసిన రోజే చిత్రీకరణ మొదలైన రోజు. అంతకు ముందు చేసే ముహూర్తం, కథకు ముందు తెర మీద వచ్చే దేవుడి పటం, సర్టిఫికెట్టు, పేర్లు చిత్రీకరణ కిందికి రావు." నియమావళి అచ్చయ్యాక అందులో ఎక్కడా నా పేరు లేదు, ఉండదు కూడా. కానీ ఆ పుస్తకం చేతికి వచ్చిన రోజు ఆ పేజీ మా ఆయనకు చదివి వినిపించాను. మా అత్తగారికి కూడా వినిపించాను. ఆవిడ ఓపికగా విని, "ఇంతకీ ఉప్పు ఎంతెయ్యాలో తేల్చుకున్నావా?" అంది.

అర్హత పత్రం నేనే స్వయంగా పుంగనూరు తీసుకుపోయి ఇచ్చాను. చెంగల్రాయప్ప దాన్ని తెరిచి చదవలేదు. కళ్లకద్దుకుని గంగమ్మ పటం దగ్గర పెట్టాడు. ఆయన భార్య ఈసారి గుమ్మంలో నిలబడలేదు. నా రెండు చేతులూ పట్టుకుని, "మా ఇంట్లో మళ్లా పొయ్యి ఎలిగినట్టుండాది తల్లీ" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఫీసు పనికి ఏడ్చింది నేను ఆ ఒక్కసారే.

విడుదల రోజు పుంగనూరు హాలులో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. నా పక్కన చెంగల్రాయప్ప, ఆ పక్కన ఖాదర్ బాషా. లైట్లు ఆరాయి. తెర నిండా గంగమ్మ పటం, ముందు దీపం. హాలులో ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఎవరో టెంకాయ కొట్టిన చప్పుడు. ఒకామె జడలోని కనకాంబరాలు తీసి తెర వైపు విసిరింది. తర్వాత సర్టిఫికెట్టు పడింది. అప్పుడు సీట్లు వెతుక్కోవడం, శనక్కాయలు, పిల్లల గోల, అన్నీ మామూలే.

ఆ తర్వాత మదనపల్లె టమోటా యార్డు. తెల్లవారుజాము మంచు, గంపలు మోస్తున్న మనుషులు, లారీ మీద కూర్చుని కాళ్లూపుతున్న చిన్నపిల్ల. "రేయ్, మన మార్కెట్రా!" అని ఎవరో వెనక నుంచి అరిచారు. హాలంతా ఈలలు.

చెంగల్రాయప్ప నా వైపు వంగాడు. అన్నేళ్లు గుడారంలో ఇతరుల సినిమాలు చూపిన మనిషి, చీకట్లో పిల్లవాడిలా అడిగాడు.

"ఇప్పుడు మొదలైనట్టే కదమ్మా, సినిమా?"

"ఇప్పుడే మొదలైందప్పా" అన్నాను. "రూలు ప్రకారం."

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ శాఖలోనే పనిచేశాను. ఎన్నో పథకాలకు ఎన్నో మాటలకు అర్థాలు రాశాను. కొత్తగా చేరిన పిల్లలు ఎలా రాయాలి మేడం అని అడిగితే నేను చెప్పేది ఒకటే. బల్ల దగ్గర కూర్చుని సగం రాయండి. మిగతా సగం ఆ పని చేసే మనుషుల దగ్గరికి పోయి, వాళ్లు దేన్ని మొదలంటారో, దేనికి టెంకాయ కొడతారో చూసి వచ్చి రాయండి. రాసిన తర్వాత ఆ మాట వల్ల గుమ్మం బయట ఎవరు నిలబడిపోయారో ఒకసారి తిరిగి చూడండి. నేను తిరిగి చూసినప్పుడు అక్కడ చెంగల్రాయప్ప ఉన్నాడు. ఆయన్ని లోపలికి పిలవగలిగాను. నా ఉద్యోగంలో నాకు మిగిలిన గర్వం అది, చాలు.